పత్తి ఏరిన చెయ్యి

"నాలుగు దినాలైంది. పిల్ల రాలే, ఫోన్ ఎత్తలే. ఏం జేసినవ్‌రా ఆ పిల్లను?"

తుకారాం తమ్ముణ్ణి ఈ మాట అడగడం పొద్దుటి నుంచి మూడోసారి. శివకుమార్ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఎడమ వైపు కూర్చున్నాడు. కుడి వైపు పీట ఖాళీగా ఉంది. గద్వాల చీరకు రెండు అంచులూ పట్టు, నడుమంతా నూలు. పట్టూ నూలూ కలిసే గీత దగ్గర ఎడమ వైపు ఒకరు, కుడి వైపు ఒకరు పోగు అందుకుంటూ లాగుతూ ఉంటేనే చీర ముందుకు సాగుతుంది. కుడి పీట అతని భార్య నవనీతది. ఆమె లేదు కాబట్టి శివకుమార్ కూర్చున్నా ఒకటే, లేచినా ఒకటే.

తుకారాం భార్య కమల వంటింటి గడపలో కూర్చుని జొన్నపిండి పిసుకుతోంది. చేతులతోపాటు పెదవులూ కదులుతున్నాయి.

"నువ్వేంది, జపం జేస్తున్నవా?" అన్నాడు తుకారాం.

జపం కాదు, ఆరు లెక్కపెడుతోంది. కోపం వచ్చినప్పుడు నోరు తెరవకముందు ఆరు దాకా లెక్కపెట్టుకోవాలని వనపర్తి శిక్షణలో ప్రణీత మేడం నేర్పింది. కమల ఆ రోజు నుంచి లెక్కపెడుతూనే ఉంది. ఎవరి మీద కోపమో మాత్రం ఇంకా తేలలేదు. మరిది మీదా, మొగుడి మీదా, చెప్పకుండా పుట్టింటికి వెళ్లిపోయిన తోడికోడలి మీదా అని వరసగా అందరినీ తలచుకుంది. తన పేరు ఆ వరసలో ఉండొచ్చన్న ఆలోచన మనిషికి అంత తొందరగా వస్తుందా ఏమిటి.

ఆ శిక్షణ సంగతి చెప్పాలి. నలభై మగ్గాలవాళ్లు కలిసి పెట్టుకున్న చీరల కంపెనీలో కమలది చీరలు చూసే పని. ప్రతి బేస్తవారం చీరలన్నీ ఆమె టేబుల్ మీదికి వస్తాయి. ఆమె ఊఁ అంటే పాసు, ఊహూఁ అంటే వాపసు. ఆమె కన్ను మంచిది. నోటి గురించి అంత ధైర్యంగా చెప్పలేం. పనిచేసే చోట ఎదుటివాళ్ల మనసు తెలుసుకుని మసలుకోవడం ఎలాగో నేర్పిస్తామని ప్రణీత మేడం వచ్చి, అందరినీ వనపర్తికి రమ్మన్నప్పుడు కమల అందరికంటే ముందు వరసలో కూర్చుంది. నవనీత వెనక వరసలో కూర్చుంది.

"ఎదుటి మనిషి మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది?" అని మేడం అడిగింది. మాకు చీరలో తెలుస్తుందని కమల చెప్పింది. మేడం కళ్లు పెద్దవి చేసి, గద్వాల నుంచి వెంట తెచ్చిన, కమల ఇంకా విప్పి చూడని చీరల్లోంచి ఒకటి తీసింది. మగ్గం నంబరు కుట్టిన చోట కాగితం అంటించి, ఇప్పుడు చదవండి అంది.

కమల చదివింది. కోపమొస్తే పోగు బిగలాగుతారు, దుఃఖమొస్తే చేతిలో సత్తువ ఉండదు, పోగు వదులవుతుంది. మొదటి మూడు మూరలు ఇద్దరి చేతులూ ఒక్క తీరున ఉన్నాయి. నాలుగో మూర దగ్గర కుడి అంచు సడలింది, ఎడమ అంచు బిగిసింది. కమల అక్కడ వేలు పెట్టి, హాలంతా వినేలా చెప్పింది.

"ఈడ కుడి దిక్కు కూసున్న పిల్ల ఏడ్సుకుంట నేసింది మేడం. ఎవరు ఏడిపించిన్రో గని, వాళ్లకు మనసు లేదు."

చప్పట్లు మోగాయి. మేడం ఆ మాటను పెద్ద చార్టు మీద రాసి, కింద కమల అని పేరు కూడా రాసింది. తర్వాత కాగితం తీస్తే నంబరు పదిహేడు. కమల ఇంటి మగ్గమే. వెనక వరసలో నవనీత లేచి, సంచి తీసుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లింది. తెలకపల్లిలో అమ్మ దగ్గరికి వెళ్తున్నానని ఒక్క మెసేజ్ పెట్టింది, అంతే.

ఎడమ అంచు శివకుమార్‌ది. అది బిగిసింది కాబట్టి కోపం అతనిది, ఏడిపించిందీ అతనే అని వీధి మొత్తం తీర్పు చెప్పేసింది. తుకారాం కూడా అదే తీర్పు పట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టలే, తిట్టలే అన్న" అని శివకుమార్ మొదటిరోజు ఒకసారి అన్నాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. తప్పు లేనివాడైతే ఊరుకుంటాడా అని తుకారాం వాదన.

కమల చేతులు కడుక్కుని మరిది దగ్గరికి వచ్చింది. మేడం చెప్పినట్టే ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"శివా, నీకు లోపల ఎట్ల అనిపిస్తుంది?"

శివకుమార్ తలెత్తి వదినె ముఖంలోకి చూశాడు. పన్నెండేళ్ల వయసు నుంచి తనకు అన్నం పెట్టిన మనిషి. తింటవా, తినవా అని తప్ప ఇలాంటి మాట ఎప్పుడూ అడగలేదు.

"వదినె, నీ పానం మంచిగనే ఉందా?" అన్నాడు.

తుకారాంకు నవ్వొచ్చింది కానీ, సందర్భం కాదని మింగేశాడు. కమలకు ఆరు లెక్కపెట్టే అవసరం మళ్లీ పడింది.

*

మంగళవారం మధ్యాహ్నం ప్రణీత మేడం ఫోన్ చేస్తుంది. శిక్షణకు ముందు నుంచే వారానికి ఇరవై నిమిషాలు ఇలా మాట్లాడడం ఏర్పాటు. మామూలుగా కమల అంతా మంచిగనే ఉంది మేడం అని చెప్పి, మిగతా పద్దెనిమిది నిమిషాలూ హైదరాబాదులో వాన పడిందా అని అడిగేది. ఈసారి జరిగినదంతా చెప్పింది. మరిది నోరు విప్పడం లేదనీ, తోడికోడలు ఫోన్ ఎత్తడం లేదనీ, తాను వెళ్లి ఎలా మాట్లాడితే ఆ పిల్ల తిరిగి వస్తుందో చెప్పమనీ అడిగింది.

మేడం ఏ ఉపాయమూ చెప్పలేదు. తప్పు తనది కూడా ఉందంది. ఎవరి చీరో తెలియకుండా నలుగురి ముందు చదివించి ఉండకూడదంది. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఆమె ఏడ్చిందని చెప్పారు కదా కమలగారూ. ఏ రోజు ఏడ్చిందో చూశారా?"

చూడలేదు. చూడాలని తోచనే లేదు.

కమల చెప్పులేసుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. గోడ మీద చార్టు అప్పుడే వేలాడదీశారు. తన మాట, తన పేరు, పక్కన ఎవరో గీసిన పువ్వు. దాని కింద నిలబడే పదిహేడో నంబరు చీర విప్పింది. మొదలుపెట్టిన తేదీ నంబరు గుడ్డ మీదే రాసి ఉంది, మంగళవారం. ఇంట్లో రోజుకు మూరన్నర నేత సాగుతుంది. మంగళవారం మూరన్నర, బుధవారం మూరన్నర. నాలుగో మూర అంటే బేస్తవారం.

బేస్తవారం అంటే చీరలు చూసే రోజు.

అంతకు ముందటి చీర పూర్తి చేసి ఆ బేస్తవారం మొగుడూ పెళ్లాలిద్దరూ తీసుకొచ్చారు. టేబుల్ చుట్టూ నలభై మంది ఉన్నారు. ఆ రోజు పని ఎక్కువ, కమలకు తలనొప్పి. చీర విప్పింది, కుడి అంచు దగ్గర పట్టూ నూలూ ముడిపడని చోట సందు కనిపించింది. మడతపెట్టి తోసేస్తూ ఒక మాట అంది. ఆ మాట ఇప్పుడు యాదికొచ్చింది.

"పత్తి ఏరిన చెయ్యికి పట్టు పడ్తదా?"

నవనీతది తెలకపల్లి రైతుల ఇల్లు. పెళ్లయ్యాకే మగ్గం ముఖం చూసింది. నాలుగేళ్లలో నేర్చుకుంది. ఆ మాటకు అందరూ విరగబడి నవ్వారు. మాట కుదిరినందుకు కమల కూడా నవ్వింది. ఇంటికెళ్లి రొట్టెలు చేసింది, తిన్నారు, పడుకున్నారు. పక్కగదిలో మనిషి మరునాడు కూడా ఏడుస్తూ నేసింది. చీర చూసి ముక్కూముఖం తెలియనివాళ్ల దుఃఖం చెప్పగలిగిన కమల, ఒకే పొయ్యి మీద వండుకునే మనిషి ముఖం చూడలేదు.

ఏడిపించినవాళ్లకు మనసు లేదట. కింద పేరు కూడా రాసి ఉంది. గురివింద గింజకు తన నలుపు తెలియదని చిన్నప్పుడు నాయనమ్మ అంటుంటే, పాపం ఆ గింజకేం తెలుస్తుందిలే అనుకునేది కమల. ఆమెకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చార్టు చించి పారేయాలనిపించేంత సిగ్గు. చించలేదు. చీర మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది.

*

బుధవారం పొద్దున బస్సెక్కి, నాగర్‌కర్నూల్‌లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని తెలకపల్లి చేరింది. నవనీత తల్లి ఈదమ్మ మంచినీళ్లిచ్చింది, కుర్చీ వేసింది. ఎందుకొచ్చావని అడగలేదు, బాగున్నావా అని కూడా అడగలేదు. బిడ్డ చేనికి పోయిందని మాత్రం చెప్పింది. మర్యాదలో ఏమీ తక్కువ చేయకుండా ముఖం ఎలా తిప్పుకోవాలో ఈదమ్మకు ఏ శిక్షణా ఇవ్వనక్కర్లేదు.

పత్తి చేను తెల్లగా పగిలి ఉంది. నవనీత నడుముకు ఒడి కట్టుకుని మొక్కల సాలు మధ్య వంగి ఏరుతోంది. కమలను చూసింది. రా అక్కా అని గానీ, ఎందుకొచ్చినవ్ అని గానీ అనలేదు. చెయ్యి ఆగలేదు.

కమల కూడా కొంగు దోపుకుని పక్క సాలులోకి దిగింది. పత్తి ఏరడం అంటే దూది లాక్కోవడమే అనుకుంది. పది కాయలు తీసేసరికి ఎండిన డొప్పల ముళ్లు వేళ్ల కొసలన్నీ గీరేశాయి. పట్టు మీద తేడా పసిగట్టే వేళ్లు అవి. ఒడిలో చూసుకుంటే దూది కంటే ఆకు నలుసులే ఎక్కువ.

నవనీత ఆ ఒడిలోకి తొంగి చూసింది. ఒక కాయను రెండు వేళ్లతో ఎక్కడ పట్టుకోవాలో చూపించి, "గిట్ల తియ్యి అక్కా, ఆకు రాదు" అంది. అంతే. నవ్వలేదు.

సాలు చివరిదాకా ఇద్దరూ ఏరారు. గట్టు మీద కూర్చున్నాక కమలే మొదలుపెట్టింది.

"నిన్ను ఏడిపించింది నేనే గద."

నవనీత ఒడిలోని పత్తిని సంచిలోకి వంచింది. "లెక్కపెట్టినవా?"

"నిన్న లెక్కపెట్టిన. బేస్తవారం పడ్డది."

"నేను నువ్వు హాల్లనే లెక్కపెడ్తవనుకున్న అక్కా. చీర పట్టుకుంటే అన్నీ తెలుస్తయి గద నీకు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తప్పైంది నవనీతా, ఇంటికి పోదాం పా అంది కమల. ఆరు లెక్కపెట్టలేదు, మేడం నేర్పినట్టు వాక్యం పేర్చలేదు.

నవనీత ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. పత్తి ఏరిన చెయ్యి అంటే తనకు కోపం రాలేదట, ఏరింది నిజమే కాబట్టి. "మన చీరల నడుమంత ఉండేది పత్తే గద అక్కా. పట్టు రెండు దిక్కుల కొసకే ఉంటది. గది గూడ నీకు తెల్వదా అని ఏడుపొచ్చింది" అంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు కమల చీరలో తప్పు ఎక్కడుందో చూపించలేదు. మాట అనేసి, మడతపెట్టి తోసేసింది. ఆ చీర ఇప్పటికీ గద్వాలలో నవనీత పెట్టెలో అడుగున ఉంది.

"నలభై మంది ముందల అన్నవ్. ఈడ తప్పైందంటే ఎవరింటరు, ఈ పత్తి చెట్లా? రేపు బేస్తవారమే. నేను టేబుల్ కాడికే వస్త. ఆ చీర విప్పి పరుచు. తప్పు ఏడుందో అందరికి చూపియ్యి. నాదైతే ఒప్పుకుంట. ఇగ ఇంటికి వచ్చుడు, కుడి పీట మీద కూసునుడు, దాని తర్వాత."

బేస్తవారం దాకా ఆ చీర విప్పొద్దని నవనీత మాట తీసుకుంది. కమల ఒప్పుకుంది. లేస్తూ, శివకుమార్ నాలుగు రోజులుగా అన్నం సరిగా తినడం లేదని చెప్పింది. నవనీత ముఖం కొంచెం మెత్తబడింది.

"ఆయన గూడ నవ్విండు ఆ రోజు. పాపం, ఆయనకేం తెల్వదు. అందరు నవ్విన్రని నవ్విండు."

"ఏం తెల్వదు?" అంది కమల.

నవనీత ఇంకో సాలులోకి దిగింది.

*

బేస్తవారం టేబుల్ చుట్టూ ఎప్పటికంటే ఎక్కువమందే చేరారు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు గానీ, ఊరికి కావలసింది మంచి నోరు కాదు, కొంచెం తమాషా. పెట్టెలోని చీరను సంచిలో పెట్టుకుని శివకుమార్ తెచ్చాడు. టేబుల్ మీద పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నవనీత పదిన్నర బస్సులో దిగి నేరుగా వచ్చింది. మొగుడివైపు చూసి తల ఊపింది. వారమంతా ఎదురుచూసిన మనిషికి ఆ తల ఊపడం చాలు. శివకుమార్ కళ్లు తుడుచుకున్నాడు.

కమల గోడ మీద చార్టు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఈ మాట నాది. కింద పేరు గూడ నాదే. ఆ పిల్లను ఏడిపించింది గూడ నేనే. పత్తి ఏరిన చెయ్యి అని నేను అన్న, మీరు నవ్విన్రు. మీరు నవ్విన్రంటే నేను నవ్విచ్చిన గనుక. తప్పు నాది."

మూలనున్న ఇద్దరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు కానీ, నవ్వడానికి కాదు.

కమల టేబుల్ దగ్గరికి వచ్చి చీర విప్పింది. చీర చూడడానికి ఆమె అందరికీ నేర్పే నియమం ఒకటుంది. నంబరు కుట్టిన కొస చూసేవాళ్ల కడుపు వైపు ఉండాలి. నేత మొదలైన కొస అదే కాబట్టి, మగ్గం మీద ఎడమ ఇక్కడా ఎడమే అవుతుంది, కుడి ఇక్కడా కుడే అవుతుంది. తిప్పి పరిస్తే ఎడమ కుడవుతుంది. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఈ పొరపాటు చేస్తే కమల నెత్తిన మొట్టేది.

నంబరు కొసను కడుపు వైపు పెట్టుకుంది. చెయ్యి కుడి అంచు మీదికి వెళ్లింది. సందు అక్కడే చూసినట్టు యాది. మూర, రెండు మూరలు, ఐదు, తొమ్మిది. కుడి గీత కొస నుంచి కొస దాకా వెళ్లింది. పట్టూ నూలూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. ఎక్కడా ఒక్క పోగు జారలేదు.

కమల ఆగింది. ఆ రోజు తాను వేసిన మడతల గుర్తులు చీర మీద ఇంకా ఉన్నాయి. ఆ మడతల్లో నంబరు కొస లోపలికి, అవతలి వైపుకు పోయి ఉంది. తలనొప్పి, తొందర. చీరను తిప్పి పరిచింది. ఇన్నేళ్లలో అందరినీ మొట్టిన పొరపాటు తానే చేసింది.

చెయ్యి ఎడమ అంచు మీదికి మార్చింది. నాలుగో మూరలో వేలు దిగబడింది. ఐదో మూరలో ఇంకో సందు.

నవనీత టేబుల్ అవతల చీర అంచు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు. ఈ పిల్లకు మొదటిరోజు నుంచీ తెలుసని కమలకు అర్థమైంది. మొగుడి చేతి తప్పును నలుగురిలో తన నోటితో చెప్పలేక, ఆ మాట పడి, చీరను పెట్టెలో దాచుకుంది.

"సందు ఎడమ దిక్కున్నది" అంది కమల. అందరికీ వినపడేలానే అంది. "నవనీత దిక్కు ఏ తప్పూ లేదు. నేను చీర ఉల్టా పరిచిన."

అందరి తలలూ గోడవైపు తిరిగాయి. నవనీత మాత్రం అటు తిరగలేదు. ఆయనకేం తెల్వదు, ఆయన మీద ఎవరూ మాట అనొద్దు అని చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో శివకుమార్ గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. వదినె ఒప్పుకున్నట్టే తానూ ఒప్పుకోవాలనుకున్నాడు కాబోలు. అందులో మంచితనమే ఉంది, కాదనలేం.

"నాకు ఆ రోజే తెలుసు వదినె. మగ్గం మీదికెల్లి కోస్తున్నప్పుడే చూసిన. నేను పుట్టినకాడ్నుంచి మగ్గం మీద ఉన్నోన్ని, నాది తప్పంటే నామోషీ అనిపించింది. అందుకే చెప్పలే. అప్పటిసంది చెయ్యి బిగుసుకపోయింది, పోగు సక్కగ లాగనీకి రాలే."

కమల కళ్లు మూసుకుంది.

నవనీత చీర మీది నుంచి చెయ్యి తీసేసింది. మెల్లగా మొగుడివైపు తిరిగింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. చేనులో కమలకు పత్తి తీయడం చూపించినప్పుడు ఎంత నెమ్మదిగా ఉందో ఇప్పుడూ అంతే నెమ్మదిగా అడిగింది.

"తెలిసే నవ్వినవా?"